పెత్రమాస చీకట్లో ఉయ్యాలో

మా చిన్నమ్మ పోయి ఏడాది దాటింది. ఈ పెత్రమాసకు ఆమె పేరు పెద్దల వరుసలో చేరింది. మధ్యాహ్నం ఆమె కొడుకు, నా తమ్ముడు, ఊరి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అయ్యగారికి బియ్యం ఇచ్చినం. తాత పేరు చెప్పిన, నాయనమ్మ పేరు చెప్పిన. అమ్మ పేరు కాడికి వచ్చేసరికి గొంతు పట్టుకుంది" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు, "రాత్రికి గుడి కాడ పాట ఎవరు చెప్తరే?" అని.

మా ఊళ్ళో బతుకమ్మ పాట చెప్పేది చిన్నమ్మే. ఆమె కంటే ముందు మా నాయనమ్మ. వాళ్ళిద్దరూ లేని పెత్రమాస ఎలా ఉంటుందో ఊహించుకోవడం నాకు కష్టంగా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. పంచాంగంలో మహాలయ అమావాస్య అని ఉంటుంది. దానికి ముందున్న పదిహేను రోజులూ పెద్దల రోజులు. ఆ రోజుల్లో పోయినవాళ్ళంతా వచ్చి ఇంటి చూరు కింద నిలబడి చూస్తుంటారని మా ఇంట్లో అనేవారు. అమాస నాడు వాళ్ళ పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, దక్షిణ పెట్టి ఇచ్చేవాళ్ళు. వండినవన్నీ విస్తట్లో పెట్టి గోడ మీద పెడితే కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరం ముద్ద ముట్టేవాళ్ళం కాదు. కాకి ఆలస్యం చేస్తే నాయనమ్మ గోడ దగ్గర నిలబడి తాతతో మాట్లాడేది. "ఏం కోపం వచ్చిందయ్యా, వంకాయ కూర నీకు ఇష్టమనే వండిన" అని. ఆ మాటలు వింటుంటే తాత నిజంగానే గోడ అవతల నిలబడ్డట్టు అనిపించి నాకు ఒళ్ళు జలదరించేది.

ఆ పక్షమంతా పిల్లలకు కట్టుబాట్లు ఉండేవి. పొద్దు గూకితే గడప దాటొద్దు. తల విరబోసుకోవద్దు. చింతచెట్టు కిందికి పోవద్దు. చెరువు కట్ట వైపు అసలే పోవద్దు, అక్కడ కొరివి దయ్యాలు దీపాలు పట్టుకొని తిరుగుతాయి. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటుంది. రాత్రిపూట ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు. పిలిచింది మనిషైతే మళ్ళీ పిలుస్తుంది, గాలి అయితే ఒక్కసారే పిలుస్తుందట. నేను మంచంలో పడుకొని పక్కింట్లోంచి వినిపించే ప్రతి కేకనూ లెక్కపెట్టుకునేదాన్ని.

అదే పెత్రమాస సాయంత్రం ఊళ్ళో ఆడవాళ్ళంతా గడప దాటేవాళ్ళు. ఆ ఒక్క రాత్రీ ఎవరూ ఎవర్నీ ఆపేవారు కాదు. తలలో పూలు, చేతిలో బతుకమ్మ, నడినెత్తిన అమాస చీకటి. బతుకమ్మ పండుగ మొదలయ్యేది ఆ రాత్రే, ఎంగిలిపూల బతుకమ్మతో.

*

పూల పని ముందు రోజే మొదలయ్యేది. అన్నయ్యలు, మేనబావలు గట్ల వెంట పోయి తంగేడు తెచ్చేవాళ్ళు. తంగేడుకు మంచి నేల అక్కర్లేదు, రాళ్ళ గడ్డ మీదే విరగబూస్తుంది. గునుగు మాత్రం చేలల్లో దొరికేది. రైతుకు అది కలుపు మొక్క, మాకు పండుగ. మక్క చేలోకి దిగి గునుగు కోస్తే చేతుల నిండా ఆకుల గీతలు పడేవి. కట్లపూలు, బీరపూలు, రుద్రాక్ష పూలు, పెరట్లోని బంతిపూలు, పాదు మీది గుమ్మడి పూలు... అన్నీ తెచ్చి వాకిట్లో తడి గుడ్డ మీద పోసేవాళ్ళు. రాత్రంతా వాటి మీద నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఆ పచ్చి వాసనకు నిద్ర పట్టేది కాదు. ఇప్పటికీ హైదరాబాదులో మోండా మార్కెట్ దగ్గర తంగేడు కట్టలు కనిపిస్తే ముందు వాసన చూస్తాను, తర్వాతే ధర అడుగుతాను.

గునుగు కాడలు సమానంగా కోసి, తెల్లని కంకులకు రంగు అద్ది, ఎండలో ఆరబెట్టడం మా ఆడపిల్లల వంతు. పేర్చడం మాత్రం చిన్నమ్మే. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, కాడలు లోపలికి, పూలు బయటికి. మధ్యలో ఏర్పడే ఖాళీని కోసి పారేసిన కాడలతో, ఆకులతో నింపేది. "లోపల గట్టిగుంటేనే పైన నిలబడ్తది" అంటూ వేళ్ళతో అదిమేది. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ, ఒక ఊదుబత్తి. ఎంగిలిపూల నాటి బతుకమ్మ చిన్నది. రోజు రోజుకూ పెరుగుతూ పోయి సద్దుల నాటికి ఒక్కరు ఎత్తలేనంత అయ్యేది.

*

మా హనుమాండ్ల గుడి ముందు అప్పట్లో ఒకే ఒక్క కరెంటు స్తంభం. దాని బల్బు వెలిగిన రాత్రుల కంటే వెలగని రాత్రులే ఎక్కువ. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బతుకమ్మలను మధ్యలో దించేవాళ్ళు. ఎవరు వచ్చారో ముఖాలను బట్టి తెలిసేది కాదు, గాజుల చప్పుడును బట్టి, గొంతును బట్టి పోల్చుకోవాలి. చుట్టూ వేపచెట్లు నల్లగా నిలబడి ఉండేవి. వానలకు నిండిన చెరువు వైపు నుంచి కప్పల అరుపులు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడేదాన్ని.

అప్పుడు చిన్నమ్మ మొదటి చరణం ఎత్తుకునేది. గొంతు సన్నగా, కొంచెం జీరగా ఉండేది కానీ గుడి వెనుక వాడ దాకా వినిపించేది. చరణం చివర "ఉయ్యాలో" అని దీర్ఘం తీసి ఆగేది. ఆ ఆగడంలోనే అందరూ అందుకోవాలి. ఆమె అన్న మాటనే మళ్ళీ అంటూ కుడివైపు ఒక అడుగు, వంగి ఒక చప్పట. డప్పు లేదు, సన్నాయి లేదు, ఇంకే వాయిద్యమూ లేదు. చప్పట్లే తాళం, గాజులే దానికి తోడు.

రాత్రి పిలుపుకు పలకొద్దని పక్షం రోజులు చెప్పిన ఆడవాళ్ళే పెత్రమాస నాడు పలకకపోతే ఊరుకునేవారు కాదు. పిల్లల నోళ్ళు కదలకపోతే చిన్నమ్మ పాట ఆపకుండానే మా వీపు మీద ఒకటి చరిచేది. "పాట చెప్పేది నేనొక్కదాన్నే, పలికేది ఊరంతా. మీరు పలకకపోతే నేనెవరికి చెప్పాలె?" అని ఇంటికి వచ్చాక అనేది. నేను మొదటిసారి గొంతెత్తి "ఉయ్యాలో" అన్న రాత్రి నాకు బాగా గుర్తుంది. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. నా గొంతు నాకే వినిపించలేదు, అందరి గొంతులో కలిసిపోయింది. తల ఎత్తి చూస్తే వేపచెట్లు మామూలు వేపచెట్లే. కొంగు ఎప్పుడు వదిలేశానో కూడా తెలియదు.

అక్కడ మేము పాడినవన్నీ సంబరపు పాటలు కావు. చిన్నప్పుడు వాటి అర్థం పట్టలేదు, పెద్దయ్యాక విని ఆశ్చర్యపోయాను. నూరుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న రాజూ రాణీ ఒక ఆడపిల్ల కోసం తపస్సు చేయడం, ఆ పిల్లను చల్లగా బతకమని అందరూ దీవించడం ఒక పాట. చెరువు కట్ట నిలవడానికి ఇంటి ఆడపడుచునో కోడలినో బలి ఇచ్చిన పాట ఇంకొకటి. అది పాడుతున్నప్పుడు కట్ట మైసమ్మ గద్దె వైపు ఎవరూ చూసేవారు కాదు. అత్తింట్లో కష్టాలు, పుట్టింటికి తీసుకుపోవడానికి రాని అన్నలు, కాన్పులో పోయిన బాలింతలు కూడా ఆ పాటల్లోనే ఉండేవాళ్ళు. పగటిపూట ఏ ఇంట్లోనూ పెదవి దాటని మాటలు ఆ చీకట్లో చప్పట్ల మీద బయటికి వచ్చేవి. చీకటి కాబట్టి ఎవరు ఏడుస్తున్నారో ఎవరికీ కనిపించేది కాదు.

*

నాకు బాగా భయం వేసిందీ, బాగా ఇష్టమైందీ తంగేడు పిల్ల కథ. ఆట మధ్యలో అలిసిపోయి కూర్చున్నప్పుడు నాయనమ్మ దాన్ని సగం మాటగా, సగం పాటగా చెప్పేది.

ఏడుగురు అన్నలకు ఒక్కతే చెల్లెలు. అన్నలకు ఆ పిల్ల అంటే ప్రాణం, వదినెలకు కన్నెర్ర. అన్నలంతా వేటకు పోయినప్పుడు వదినెలు ఆ పిల్లను చంపి ఊరి బయట పాతిపెట్టారు. అక్కడ ఒక తంగేడు మొలిచింది. అన్నలు తిరిగి వచ్చేనాటికి చెట్టంతా పచ్చగా పూసి ఉంది. చెల్లెలికి పూలు కోసుకుపోదామని ఒకన్న చెయ్యి చాపితే చెట్టు మాట్లాడింది, జరిగిందంతా చెప్పింది. ఏటేటా నన్ను పూలల్లో పేర్చి పాటలు పాడి నీళ్ళల్లో సాగనంపమని అడిగింది. కథను ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరుగా చెప్తారు. మా నాయనమ్మ చెప్పినది ఇది.

కథ అయ్యేసరికి మా కళ్ళన్నీ మధ్యలో ఉన్న బతుకమ్మల మీదే. తంగేడు కోసేటప్పుడు ఆ కొమ్మ మనతో ఏమన్నా అంటుందా అని మరుసటి రోజు చెవి పెట్టి విన్నాను కూడా. నాయనమ్మ మాత్రం ఆ పిల్లను దయ్యం అననిచ్చేది కాదు. "దయ్యమెట్లయితదే? మన ఇంటి ఆడపిల్ల. ఏడాదికోసారి వస్తది, పాడి సాగనంపుతం" అనేది. నా లెక్కలో పండుగ మొత్తం ఆ మాటలోనే ఉంది. మిగతా కాలమంతా పోయినవాళ్ళంటే భయపడతాం. ఆ తొమ్మిది రోజులు వాళ్ళ చుట్టూ తిరిగి పాడతాం.

నాయనమ్మకు చీకటంటే వేరే జ్ఞాపకాలు కూడా ఉండేవి. రజాకార్ల కాలంలో ఒక పెత్రమాసకు గుడి ముందుకు పోయే ధైర్యం ఎవరికీ లేకపోయిందట. తలుపులు వేసుకొని, నలుగురైదుగురు ఆడవాళ్ళు లోపలి వాకిట్లో ఒకే బతుకమ్మ పెట్టుకొని, చప్పట్లు కొట్టకుండా అరచేతులు ఆనించి తీస్తూ పెదవులతోనే పాడుకున్నారట. మరుసటి ఏడు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన రెండు వారాలకు పెత్రమాస వచ్చింది. "ఆ రాత్రి తెల్లవారేదాకా ఆడినం బిడ్డా. అరచేతులు వాచిపోయినయ్" అని రెండు చేతులూ చాపి చూపించేది, ఆ వాపు ఇంకా ఉన్నట్టు. ఆ ఏటి మీద ఆమె స్వయంగా కట్టుకున్న ఉయ్యాలో పాట ఒకటి ఉండేది. ఎవరమూ రాసి పెట్టుకోలేదు. చిన్నమ్మకు రెండు మూడు చరణాలు గుర్తుండేవి, ఇప్పుడు అవి కూడా లేవు.

*

ఆట అయ్యాక చెరువుకు నడక. అసలు భయమంతా అక్కడే. ముందు కందిలి పట్టుకొని మగపిల్లలు ఇద్దరు, వెనుక వరుసగా బతుకమ్మలు ఎత్తుకున్న ఆడవాళ్ళు, మధ్యలో పిల్లలం. కట్ట మీదికి ఎక్కగానే నీటి చల్లదనం ముఖానికి తగిలేది. ఒకసారి అవతలి ఒడ్డున దీపం కదిలింది. "కొరివి దయ్యం!" అని ఎవరో పిల్ల అరిచింది. వరుస అంతా ఆగిపోయింది. చిన్నమ్మ ఒక్క క్షణం ఆ దీపం వైపు చూసి, ఏమీ అనకుండా పాట ఎత్తుకుంది. మా వరుస పలికింది. కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి కూడా "ఉయ్యాలో" అని వినిపించింది. పక్క ఊరి వాళ్ళు కూడా అదే చెరువులో వేయడానికి వచ్చారు. ఆ రాత్రి నీటికి అటూ ఇటూ రెండు ఊళ్ళు చాలాసేపు పాట మార్చుకున్నాయి. ఇటు ఒక చరణం, అటు ఒక చరణం. మా వాళ్ళకు రాని పాట వాళ్ళు చెప్తే మేము నేర్చుకుంటూ పలికాం. అంత మంచి రాత్రి నా చిన్నతనంలో ఇంకొకటి లేదు.

బతుకమ్మలను నీళ్ళలో వదిలాక గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకొని, నువ్వులూ నూకలూ బెల్లంతో చేసిన ప్రసాదం ఒకరికొకరు పెట్టుకునేవాళ్ళు. ఇస్తినమ్మ వాయనం అంటే పుచ్చుకుంటినమ్మ వాయనం. అది కూడా పిలుపూ పలుకే. నడుముల్లోతు చీకట్లో దోసిళ్ళు వెతుక్కొని ప్రసాదం పెట్టడం చూస్తే నవ్వొచ్చేది, అందరూ నవ్వుకుంటూనే ఇళ్ళకు మళ్ళేవాళ్ళు.

మరుసటి రాత్రి నుంచి మా పని చంద్రుణ్ణి వెతకడం. రెండో మూడో రోజుకు పడమట గోరంత వంక కనిపించేది. బతుకమ్మ ఎత్తు పెరిగినట్టే వంక కూడా పెరిగేది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... రోజుకొక ప్రసాదం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, ఆడరు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు. దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మకు సగం చంద్రుడు నెత్తి మీద ఉండేవాడు, అందరి ముఖాలూ కనిపించేవి. సద్దుల రాత్రి సందడి ఎక్కువ, పట్టుచీరలు ఎక్కువ. అయినా నాకు మొదటి రాత్రే ఇష్టం.

కరువు ఏళ్ళలో చెరువులో నీళ్ళు ఉండేవి కావు. పగుళ్ళు తీసిన చెరువు మధ్యలో గుంట తవ్వి, బిందెలతో నీళ్ళు మోసి పోసి, అందులో ఒక్కొక్క బతుకమ్మనూ దించేవాళ్ళు. అలాంటి రాత్రి చిన్నమ్మ పాట మధ్యలో ఆపేసి ఏడవడం చూశాను. చెరువుల పూడికతీత పనులు 2015లో మొదలయ్యాక మా చెరువు వంతు కూడా వచ్చింది, తర్వాతి మంచి వానకు కట్ట అంచు దాకా నిండింది. ఆ ఏడు ఆమె నన్ను ప్రత్యేకంగా ఫోన్ చేసి పిలిచింది. మోకాళ్ళ నొప్పులతో కట్ట ఎక్కలేక ట్రాక్టర్ మీద వచ్చింది, కానీ పాట మాత్రం ఆమే చెప్పింది.

*

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. గట్ల మీద ఎవరూ పట్టించుకోని పువ్వుకు ఆ గౌరవం దక్కాల్సిందే. గుడి ముందు ఫ్లడ్‌లైట్లు వచ్చాయి. వాటితోపాటే డీజే పెట్టెలు వచ్చాయి, రికార్డు పాటలు వచ్చాయి. అమ్మాయిలు అందంగా ఆడుతున్నారు, అడుగులు నేర్చుకొని మరీ ఆడుతున్నారు. కానీ ఆ పెట్టె ఆగదు. ఎవరు పలికినా పలకకపోయినా దాని పాట దానిదే. పక్కనున్న మనిషి గొంతు వినబడనంత చప్పుడులో "ఉయ్యాలో" అనాల్సిన అవసరం ఎవరికీ లేదు. నాకు బాధగా ఉన్నది అదే. మా కాలంలో గొంతు బాగాలేని వాళ్ళు, చరణాలు రాని వాళ్ళు, అత్తింట్లో నోరు విప్పని కోడళ్ళు కూడా ఆ రాత్రి పలికేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళు పలికితేనే తర్వాతి చరణం వచ్చేది.

మా అమ్మాయి డాలస్ దగ్గర ఉంటుంది. నేను బతుకమ్మకు అక్కడున్న ఏడు ఒక సంగతి జరిగింది. అక్కడ అక్టోబరు నెలంతా ఇళ్ళ ముందు అస్థిపంజరాలు, సాలెగూళ్ళు, మెట్ల మీద గుమ్మడికాయలు పెడతారు. నెలాఖరున వచ్చే హాలోవీన్ కోసం. పోయినవాళ్ళు తిరిగి వచ్చే రాత్రి అనే పాత నమ్మకం వాళ్ళ పండుగ వెనుక కూడా ఉంది. మా బతుకమ్మకేమో గుమ్మడాకు కావాలి. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. బంతులు, చామంతులు కొని పేర్చాం, కింద పరచడానికి మాత్రం అమ్మాయి పెరట్లో వేసుకున్న గుమ్మడి పాదు ఆదుకుంది. హాలుకు పోతుంటే ఒక ఇంటి ముందు వేలాడుతున్న అస్థిపంజరాన్ని చూసి మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మమ్మా, మీ ఊళ్ళో కూడా దయ్యాల పండుగ ఉందా?" అని అడిగాడు.

కారులో వాడికి తంగేడు పిల్ల కథ చెప్పాను. అంతా విని, "అయితే ఆ అమ్మాయి ఇప్పుడు మన కారులో ఉందా?" అన్నాడు. ఉందన్నాను. ఒళ్ళో పెట్టుకున్న బతుకమ్మ వైపు వాడు కాస్త జరిగి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మైకు వైరు ఏదో పాడై పాటలు ఆగిపోయాయి. అందరూ నిలబడిపోయి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా అమ్మాయి ఎప్పుడూ ముందుకు రాని మనిషి. చిన్నమ్మ దగ్గర సెలవుల్లో విన్న పాట ఒకటి ఎత్తుకుంది, గొంతు వణుకుతూనే. ఒక చరణం, రెండు చరణాలు. కరీంనగర్ వాళ్ళు, నల్గొండ వాళ్ళు, ఖమ్మం వాళ్ళు, పెళ్ళయ్యాకే బతుకమ్మ చూసిన గుంటూరు కోడళ్ళు, అందరూ పలికారు. వైరు బాగయ్యాక కూడా కాసేపు ఎవరూ మైకు పెట్టమనలేదు. నేను వీడియో తీసి చిన్నమ్మకు పంపాను. ఆమె విని, "మూడో చరణం మర్చిపోయింది పోరి, నేను చెప్తా రాసుకోమను" అని ఫోన్లోనే పాడింది. అమ్మాయి రాసుకుంది. మూడో చరణంతో మొదలుపెట్టి ఫోన్లలో, వీడియోల్లో, ఉత్తరం రాసినంత ఓపికగా, చిన్నమ్మ చాలా పాటలు చెప్పింది. ఆ పుస్తకం డాలస్‌లో ఉంది, ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి.

ఈసారి తమ్ముడు ఫోన్లో అడిగినదానికి జవాబు ఆ రోజు రాత్రే దొరికింది. పెత్రమాస రాత్రి గుడి కాడ పాట చెప్పింది మా మరదలు, తమ్ముడి భార్య. పదిహేనేళ్ళుగా చిన్నమ్మ వెనుక నిలబడి పలికిన మనిషి, ముందు నిలబడటం అదే మొదటిసారి. డీజే పెట్టడానికి ముందు ఒక గంట మైకు లేకుండా ఆడతామని వాడకట్టు వాళ్ళను ఒప్పించిందట. సగం పాటలో చరణాలు తప్పిపోతే పెద్దవాళ్ళు అందించారట. సద్దులకు నేను ఊరికి పోతున్నాను. పోయేముందు పుస్తకం ఫోటోలన్నీ ప్రింటు తీయించి పెట్టమని మరదలు చెప్పింది, పెద్ద అక్షరాల్లో, కందిలి వెలుగులో కూడా కనిపించేట్టు. ఈసారి ఆ గంటసేపు ఫ్లడ్‌లైట్లు కూడా ఆపమని అడుగుతుందట.